లిక్విడ్ ఐరన్ కొట్టినా లాన్ పచ్చబడకపోతే

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

టెక్సాస్‌లో డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో మీ ఇంటి ముందు తీగలుగా పాకే సెయింట్ అగస్టీన్ గడ్డికి రెండుసార్లు లిక్విడ్ ఐరన్ (ఇనుము ద్రావణం) కొట్టినా పసుపు పోలేదనీ, ఒక పక్క గడ్డి నల్లబడిందనీ, డ్రైవ్‌వే మీద తుప్పు మరకలు పడ్డాయనీ రాశావు. ఈ మూడింటికీ కారణాలు వేరు కనుక, మరో సీసా కొనేముందు ఒక్కొక్కదాన్ని విడిగా చూసుకోవాలి.

ముందు ఆ పసుపు ఇనుము లోపం వల్ల వచ్చినదేనా అన్నది తేల్చుకో. ఒక తీగను పైకెత్తి, కొసనున్న లేత ఆకునూ మొదట్లోని ముదురు ఆకునూ పక్కపక్కన పెట్టి చూడు. ఇనుము ఒకసారి ఆకులో చేరాక అక్కడినుంచి పెద్దగా కదలదు. అందువల్ల దాని లోపం లేత ఆకుల్లోనే ముందు బయటపడుతుంది. ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం నిలువు చారలుగా పాలిపోతుంది. నత్రజని మాత్రం ముదురు ఆకుల నుంచి లేత ఆకులకు తరలిపోతుంది కాబట్టి, అది చాలనప్పుడు కింది ఆకులు ముందు పసుపెక్కి, లాన్ మొత్తం ఒకే తీరుగా వెలవెలబోతుంది. అలాంటి గడ్డికి కావలసింది ఎరువే. ఐరన్‌తో వచ్చే రంగు మూణ్ణాళ్ల ముచ్చటే అవుతుంది. తీగ లాగగానే ఊడి వచ్చి, వేళ్లు పొట్టిగా, నల్లగా కుళ్లి కనిపిస్తే అది టేక్ ఆల్ రూట్ రాట్ అనే శిలీంధ్ర తెగులు. దానికి ఐరన్ మందు కాదు. ఆ మేర స్ఫాగ్నమ్ పీట్ మాస్‌ను (ఆమ్ల గుణమున్న ఎండు నాచు పొడిని) పలచగా పరచమని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సూచిస్తారు. ఆకు కొసలు మాత్రమే చీలి తెల్లబడి ఉంటే మోవర్ బ్లేడుకు పదును పెట్టిస్తే సరిపోతుంది.

లేత ఆకుల్లో చారలే కనిపించాయనుకుందాం. అప్పుడు నేల సంగతి అర్థం చేసుకోవాలి. డల్లాస్ చుట్టుపక్కల ఉన్నది సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడి. దాని పీహెచ్ చాలాచోట్ల ఏడున్నర దాటి, అంటే క్షారం వైపు, ఉంటుంది. అటువంటి నేలలో ఇనుము లేక కాదు, అది కరగని రూపంలో బిగిసిపోయి వేళ్లకు అందక గడ్డి పాలిపోతుంది. నీవు కొట్టిన ఐరన్‌ను వెంటనే స్ప్రింక్లర్‌తో నేలలోకి దింపి ఉంటే, దానికీ అదే గతి పట్టి ఉంటుంది. మన సీమలో సున్నపు నేలల్లో వేరుశనగ పచ్చదనం కోల్పోయినప్పుడు రైతులు అన్నభేదిని (ఫెర్రస్ సల్ఫేట్) నిమ్మ ఉప్పుతో (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకుల మీదే పిచికారీ చేసేది ఇందుకే. నీవూ ఆ దారినే పో. మందు ఆకు మీద పడి, కనీసం కొన్ని గంటలపాటు తడి తగలకుండా ఉండాలి. స్ప్రింక్లర్ టైమర్‌ను ఆ రోజుకు ఆపెయ్యి. నేలకే వేయాలనుకుంటే డబ్బా మీద కీలేట్ (ఇనుమును బిగిసిపోకుండా పట్టి ఉంచే పదార్థం) పేరు చదువు: ఈడీటీఏ రకం ఇలాంటి సున్నపు నేలలో నిలవదు, ఈడీడీహెచ్‌ఏ రకం నిలుస్తుంది, కానీ దాని ఖరీదు ఎక్కువ.

చాలామంది పట్టించుకోనిది నీళ్ల సంగతి. మీ వైపు కుళాయి నీటికి క్షార గుణం ఉండడంవల్ల అన్నభేది ట్యాంకులోనే పాడవుతుంది. ముందుగా ఒక గాజు సీసాలో కొద్దిగా కలిపి అరగంట ఆగి చూడు. లేత ఆకుపచ్చగా, తేటగా ఉంటే మంచిదే. నారింజ రంగుకు తిరిగి అడుగున మడ్డి దిగితే ఆ ఇనుము ఆకులోకి పోదు సరికదా, నాజిల్‌ను కూడా మూసేస్తుంది. అలా కాకుండా ఉండేందుకు, వెయ్యి చదరపు అడుగులకు పన్నెండు లీటర్ల నీళ్లు తీసుకుని, అందులో ముందు 12 గ్రాముల నిమ్మ ఉప్పును, అది కరిగాక 60 గ్రాముల అన్నభేదిని కలుపు. కలిపినది అదే పూట వాడెయ్యాలి. భాస్వరం ఉన్న ఎరువేదీ ఆ ట్యాంకులో పొయ్యవద్దు, రెండూ కలిసి గడ్డకడతాయి. కొన్న సీసా మందయితే దాని మీద రాసిన మోతాదునే పాటించు.

నల్లబడిన చోట ఒకే వరుస మీద రెండుసార్లు పడిందో, మండుటెండలో కొట్టావో అయి ఉంటుంది. దానికి కంగారు పడనవసరం లేదు. వేళ్లు బాగుంటే కొత్త ఆకు వచ్చి, రెండు మూడు కోతల్లో ఆ నలుపు పోతుంది. అంతవరకు ఆ మేర మళ్లీ కొట్టకు. ఇకమీదట తొంభై డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన వేళ పిచికారీ పెట్టుకోకుండా, పొద్దున్నే కోత ముగించి, సాయంత్రం చల్లబడ్డాక ఫ్యాన్ నాజిల్‌తో (తుంపరను విసనకర్రలా పరిచే మూతితో) ఒకే నడకతో కొట్టు. కొట్టిన మర్నాడే కోస్తే పచ్చబడిన ఆకు కాస్తా సంచిలోకి పోతుంది. సరిగ్గా పడినా ఆ రంగు రెండు నుంచి నాలుగు వారాలే ఉంటుంది కనుక, వేసవిలో మళ్లీ కొట్టవలసి రావడం సహజమే.

డ్రైవ్‌వే మరకల మీద బ్లీచ్ పొయ్యకు, దానితో తుప్పు ఇంకా గట్టిపడుతుంది. ఆక్జాలిక్ ఆమ్లం ఉన్న తుప్పు క్లీనర్ తెచ్చి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, పిల్లలను లోపలికి పంపి శుభ్రం చెయ్యి. ఈసారి సిమెంటు మీద తుంపర పడితే ఆరకముందే కడిగెయ్యి.

కొట్టేముందు రెండడుగుల చెక్క పలక ఒకటి గడ్డి మీద పరిచి, పని అయ్యాక తీసెయ్యి. రెండు రోజుల తర్వాత ఆ చదరం చుట్టూ ఉన్న గడ్డి కన్నా పాలిపోయి కనిపిస్తే, లేత ఆకుల్లో చారలు కూడా ఉండి ఉంటే, లోపం ఇనుముదే. తేడా ఏమీ తెలియకపోతే మందు మానేసి, లాన్‌లో పది చోట్ల నుంచి నాలుగైదు అంగుళాల లోతు మట్టి తీసి కలిపి, కాలేజ్ స్టేషన్‌లోని ఏ అండ్ ఎం మట్టి పరీక్షా కేంద్రానికి పంపు. సూక్ష్మపోషకాలు కూడా చూడమని ఫారంలో గుర్తు పెట్టడం మరిచిపోకు. ఈలోగా లేత ఆకు, ముదురు ఆకు, వేళ్లు ఒకే ఫొటోలో పడేలా తీసి నాకు పంపు.

ఇట్లు,
పెదనాన్న