ఆర్‌ఎఫ్ నెగటివ్ వచ్చి యాంటీ సీసీపీ పాజిటివ్ ఎలా వస్తుంది?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) కోసం చేసే రక్తపరీక్షల్లో మీ అమ్మగారికి ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్) లేదు, యాంటీ సీసీపీ మాత్రం బాగా ఎక్కువుంది, ఒకే జబ్బుకి ఇదేంటి అని అడిగారు కదా. అలా రావచ్చండీ, ఆ రెండూ వెతికేవి వేరు. ఆర్‌ఎఫ్ మన సొంత ఐజీజీ యాంటీబాడీ తోక భాగానికి (ఎఫ్‌సీ) అతుక్కునే యాంటీబాడీ, సీసీపీ టెస్ట్‌లో దొరికేది సిట్రులిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకునే యాంటీబాడీ.

నేను కొన్నాళ్ళు ల్యాబ్‌లో ఇలా సిట్రులిన్ ఉన్న పెప్టైడ్‌లతో (చిన్న ప్రోటీన్ ముక్కలు) ఎలైసాలు (యాంటీబాడీ అతుక్కుంటే రంగు తిరిగే పరీక్షలు) చేశాను. ప్లేటులో పక్కపక్క వెల్స్‌లో (చిన్న గుంటల్లో) ఒకే పెప్టైడ్ వేసేవాళ్ళం, తేడా అల్లా ఒక దాంట్లో ఆర్జినైన్, రెండో దాంట్లో అదే చోట సిట్రులిన్, సీసీపీ పాజిటివ్ ఉన్నవాళ్ళ సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) పోస్తే సిట్రులిన్ వెల్ ముదురు రంగు తిరిగిపోయేది, ఆర్జినైన్ వెల్‌లో చాలాసార్లు ఏమీ ఉండేది కాదు.

అంత చిన్న మార్పుకే ఎందుకంటే, ప్యాడ్ అనే ఎంజైమ్‌లు కాల్షియం ఉన్నప్పుడు ప్రోటీన్‌లోని ఆర్జినైన్‌ని సిట్రులిన్‌గా మారుస్తాయి, బరువు సుమారు 1 డాల్టనే (అణువుల బరువు కొలత) మారుతుంది గానీ ఆర్జినైన్‌కున్న పాజిటివ్ చార్జ్ పోతుంది, యాంటీబాడీకి కావాల్సిన తేడా అదే. దానితోపాటు అటూ ఇటూ ఉన్న కొద్ది అమైనో ఆమ్లాలని కూడా చూస్తుంది, సిట్రులిన్ తర్వాత గ్లైసిన్ ఉంటే చాలా యాంటీబాడీలు బాగా పట్టుకుంటాయి. మొత్తం ప్రోటీన్‌తో దానికి పెద్దగా పని లేదు, అందుకే ఒకే యాంటీబాడీ ఫైబ్రినోజెన్, వైమెంటిన్, ఈనోలేజ్ ఇలా సంబంధం లేని ప్రోటీన్‌లకి కూడా, వాటిలో సిట్రులిన్ ఉంటే, అతుక్కోగలదు. అసలు టెస్ట్‌లో వాడే సీసీపీ కూడా ఒంట్లో ఉండేది కాదు, ల్యాబ్‌లో చుట్టలా తయారుచేసిన పెప్టైడే.

హెచ్‌ఎల్‌ఏ జీన్ (రోగనిరోధక కణాలకి ప్రోటీన్ ముక్కల్ని చూపించే ప్రోటీన్‌ని తయారుచేసే జీన్) సంగతి చాలామంది దీంతో కలిపేస్తారు, అది వేరే మెట్టు. ఆ జీన్స్‌లో ఒకటైన డీఆర్‌బీ1లో ఈ జబ్బు రిస్క్ ఉన్న రకాల్లో 70 నుంచి 74 స్థానాల దగ్గర పాజిటివ్ చార్జ్ ఉన్న గుంట ఉంటుంది, ఆర్జినైన్ కూడా పాజిటివే కాబట్టి అక్కడ ఇమడదు, సిట్రులిన్ ఇముడుతుంది, అలా టీ సెల్స్‌ అనే రోగనిరోధక కణాలకి కనపడుతుంది. పొగతాగడం ఈ రకం జీన్స్ ఉన్నవాళ్ళకి మరీ చేటు.

ఆర్‌ఎఫ్ నెగటివ్ కదా అని తేలిగ్గా మాత్రం తీసుకోకండి, సీసీపీ పాజిటివ్ వాళ్ళలో ఎముక అరుగుదల ఎక్కువ, రుమటాలజిస్ట్‌కి తొందరగా చూపించండి. మందులు పనిచేస్తున్నాయా అన్నది వాళ్ళు కీళ్ళ వాపు, సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్షలు) బట్టి చూస్తారు, సీసీపీ నంబర్ తగ్గిందా అని మళ్ళీ మళ్ళీ చేయించక్కర్లేదు.