అద్దె బేరం తర్వాత ఆడొచ్చు, ముందు ఖాళీ ఇంట్లో ఒక గంట గడపండి

"మొదటిసారి అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుంటున్నాను, అద్దె ఎంతవరకు తగ్గించమని అడగొచ్చు?" అని అడిగారు. అడగండి, తప్పేం లేదు. కానీ అద్దెలో తగ్గేది కొంచెమే, ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత పడేది ఎక్కువ. "ఈ తలుపు మీరే పాడుచేశారు, ఈ మరక మీరొచ్చాకే పడింది" అని ఓనరు అన్నప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ లేకపోతే, బేరమాడి మిగిల్చుకున్నదంతా ఆ ఒక్క పూటలో పోతుంది. అందుకే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందు, ఖాళీ ఇంట్లో చేయాల్సిన పని గురించే చెప్తాను.

టార్చిలైటు, ఫోన్ చార్జరు, 10 లీటర్ల బకెట్, కాస్త పొడి కాగితం, వంటల్లో వేసే రంగు తీసుకెళ్లండి. పగటిపూటే వెళ్లండి.

నేరుగా బాత్రూమ్‌లోకి నడవండి. ఫ్లష్ ట్యాంకు మూత తీసి నాలుగు చుక్కల రంగు వేసి, ఫ్లష్ చేయకుండా 20 నిమిషాలు వదిలేయండి. కింద కమోడ్‌లో రంగు కనిపించిందంటే లోపలి వాషరు అరిగిపోయింది, నీళ్లు రాత్రింబవళ్లు కారుతూనే ఉంటాయి. చిన్న రిపేరే, కానీ నీళ్ల బిల్లు మీ పేరున వస్తుంది.

ఈలోపు బకెట్ కుళాయి కింద పెట్టి టైము చూడండి. నిమిషంలో నిండితే బాగున్నట్టే. రెండు నిమిషాలు పడితే నిమిషానికి 5 లీటర్లే వస్తున్నాయి, షవర్ కింద నిలబడి విసుక్కోవాల్సిందే. అప్పుడు కుళాయి మూతి దగ్గరున్న జాలీ విప్పి చూడండి. దాంట్లో ఇసుక, సున్నం పేరుకుని ఉంటే కడిగితే సరిపోతుంది. జాలీ శుభ్రంగానే ఉండి, వంటింట్లో కుళాయి తిప్పగానే ఇక్కడ ధార ఇంకా పడిపోతే లోపం పైపులో ఉండొచ్చు, అది అంత తేలిగ్గా తేలదు.

నిండిన బకెట్‌ను నేలమీద గుమ్మరించి 5 నిమిషాలు ఆగండి. నీళ్లు ఎక్కడైనా మడుగు కట్టాయంటే అక్కడ వాలు సరిగ్గా లేదు. అద్దెకున్నవాళ్ల కోసం టైల్స్ పగలగొట్టి వాలు సరిచేయించే ఓనరు దాదాపుగా ఉండడు. దాంతో సర్దుకుపోగలరా లేదా అన్నది అప్పుడే తేల్చుకోండి. మురుగు వాసన వచ్చిందని మాత్రం వెంటనే ఇల్లు వద్దనుకోకండి. ఇల్లు వారాల తరబడి మూసి ఉంటే డ్రైనేజి వంపులో నిలవుండాల్సిన నీళ్లు ఆరిపోయి, వాసన నేరుగా పైకొస్తుంది. నీళ్లు పోసి, తలుపు తీసి, గంట తర్వాత చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ వంపే లేకపోవచ్చు, లేదా పైపు ఎక్కడో పగిలి ఉండొచ్చు. సింకు కింద జాయింట్లను పొడి కాగితంతో తుడవండి. కంటికి కనపడని లీకు కాగితం మీద తెలుస్తుంది.

ఇక గోడలు. "కొత్తగా రంగులు వేయించాం" అనగానే మురిసిపోకండి. చెమ్మను ఆపేది రంగు కాదు, కొన్నాళ్లు దాచిపెడుతుందంతే. టార్చిని గోడకు ఆనించి, వెలుగు గోడమీద పక్కకు పాకేలా పట్టుకోండి. ఎదురుగా చూస్తే నున్నగా ఉన్న గోడ మీద ఉబ్బులు, అతుకులు బయటపడతాయి. బాత్రూమ్‌కు అవతలి వైపు గోడ, కిటికీల కింది భాగం, సీలింగ్ మూలలు తప్పక చూడాలి. తెల్లటి పొడి రాలుతుంటే గోడలోంచి నీరు ఆరుతూ లవణాలను బయటికి తెస్తోందన్నమాట.

కరెంటు దగ్గర మొహమాటం అస్సలు పనికిరాదు. చార్జరు గుచ్చి ప్రతి ప్లగ్గూ చూడండి. మెయిన్ బోర్డులో లీకేజీ కరెంటును పట్టే బ్రేకరు ఉండాలి, మనుషుల రక్షణకు పెట్టేది మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లది. దానిమీద ఉండే టెస్ట్ బటన్ నొక్కగానే అది టక్కున పడి, కరెంటు ఆగిపోవాలి. పడకపోయినా, అసలు ఆ బ్రేకరే లేకపోయినా, అది సరిచేసేదాకా ఇంట్లో దిగొద్దు. ఇది డబ్బు విషయం కాదు, ప్రాణం విషయం. తర్వాత మీ ఫ్లాట్ మెయిన్ స్విచ్ ఆపి మీటరు చూడండి. దాని లైటు ఇంకా మిణుకుమంటుంటే మెట్ల లైటో, పక్కవాళ్ల లైనో మీ మీటరుకు కలిసుండొచ్చు. రీడింగ్‌లు ఫొటో తీసుకోండి.

ప్రతి గదినీ గుమ్మంలోంచి ఒక ఫొటో, ప్రతి పగులునీ సైజు తెలిసేలా పక్కన తాళంచెవి పెట్టి దగ్గరగా ఇంకో ఫొటో తీయండి. తీసి ఫోన్‌లో దాచుకుంటే చాలదు. "ఈరోజు ఇల్లు ఇలా ఉంది" అని రాసి అదే రోజు ఓనరుకు పంపండి, చూశానని జవాబు తెప్పించుకోండి.

అగ్రిమెంట్‌లో "ఇల్లు మంచి స్థితిలో అప్పగించడమైనది" అన్న ఒక్క వాక్యం కింద కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాళ్లు చాలామంది. మీకు కనిపించిన లోపాలన్నీ జాబితాగా రాసి జతచేశాకే పెట్టండి. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, రిపేర్లలో ఏవి ఎవరి ఖర్చో, ఖాళీ చేయడానికి నోటీసు ఇద్దరికీ ఎన్ని రోజులో స్పష్టంగా రాసి ఉండాలి. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు, రంగు వెలిసిపోవడానికి కోత ఉండదని రాయించండి. "చేయిస్తాంలే" అన్న ప్రతి పనికీ పక్కన ఒక తేదీ వేయించండి.

బేరానికి కూర్చునేది సంతకానికి ముందు, ఆ జాబితా ఎదురుగా పెట్టుకుని. ముందు రిపేర్లు అడగండి. వాలు లాంటివి చేయించలేనంటే, అద్దె తగ్గించమని అప్పుడు అడగండి.