సోఫాలో బేస్ మాయం: ముందు చోటు మార్చండి, ఈక్వలైజర్ తర్వాత

సోఫాలో కూర్చుంటే పాటల్లోని బేస్ (మంద్రమైన ధ్వని) వినబడటం లేదు, వెనక గోడ దగ్గర మాత్రం చెవులు గింగురుమంటున్నాయి, ఈక్వలైజర్‌లో (ఏ స్వరం ఎంత బిగ్గరగా ఉండాలో మార్చే సాధనం) 34 హెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్ పెంచినా లాభం లేదు అని మీరు అన్నారు. తప్పు సబ్‌వూఫర్‌ది, అంటే బేస్ వినిపించే స్పీకర్‌ది, కాదండీ. మీ గది పొడవు 5 మీటర్లు, సోఫా సరిగ్గా నడిమధ్యన ఉంది. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లను పొడవుకు రెట్టింపైన 10తో భాగించండి, వచ్చేది ఆ 34 హెర్ట్జే. గోడల మధ్య ప్రతిధ్వనించి నిలిచిపోయే ఈ స్థిర తరంగానికి గోడల దగ్గర పీడనం గరిష్ఠం, మధ్యలో దాదాపు సున్నా. అక్కడ ఎంత పెంచినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. పైగా 9 డెసిబెల్స్ అంటే యాంప్లిఫయర్‌పై ఎనిమిది రెట్ల భారం, పాపం!

ముందు ఆ పెంపు తీసేయండి. సోఫాను 70 సెంటీమీటర్లు వెనక్కి జరపండి. 1.25 మీటర్ల దాకా మాత్రం వెళ్లకండి, అక్కడ 69 హెర్ట్జ్ గుంట (ఆ స్వరం దాదాపు వినబడని చోటు) కాచుకుని ఉంటుంది.

తర్వాత సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా సోఫా మీదే, మీరు కూర్చునే చోట పెట్టండి. 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే స్వరం వినిపిస్తూ, చెవి నేలకు దగ్గరగా ఉంచి గోడల వెంట పాకండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. ఎక్కడ స్వరం ఎగుడుదిగుళ్లు లేకుండా సాగుతుందో అదే దాని చోటు.

అప్పుడు సబ్‌వూఫర్‌ను ఆ చోట పెట్టి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే గది ధ్వనిని కొలిచే సాఫ్ట్‌వేర్‌తో, మైకు చెవి ఎత్తున ఉంచి కొలవండి. పొడుచుకొచ్చిన శిఖరాలను మాత్రమే ఈక్వలైజర్‌తో తగ్గించండి, గుంటలు పూడ్చకండి. క్రాసోవర్‌ను (సబ్‌వూఫర్, మిగతా స్పీకర్లు స్వరాలను పంచుకునే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచి, ఆ 80 హెర్ట్జ్ స్వరాన్నే అన్ని స్పీకర్లలో మోగిస్తూ సబ్‌వూఫర్ మీది ఫేజ్ మీట (దాని తరంగాన్ని మిగతా స్పీకర్ల తరంగంతో కలిపేది) తిప్పండి. శబ్దం ఎక్కడ ఎక్కువగా వినిపిస్తే అక్కడ ఆపేయండి.