ఒకరే గెలుస్తుంటే ఫార్ములా వన్ సీజన్ చప్పగా ఉన్నట్టేనా?

మా ఒంగోలులో ఈ కారు రేసులు చూసే మిత్రుల మధ్య ఎప్పుడూ ఇదే వాదన. 2023లో 22 రేసులకు 19 రెడ్‌బుల్ జట్టు డ్రైవర్ వెర్‌స్టాపెన్‌వే. రెడ్‌బుల్ తన ఇద్దరు డ్రైవర్లనూ కలిపి చూస్తే చేజార్చుకుంది సింగపూర్ ఒక్కటే, అది ఫెరారీ నడిపిన సైన్జ్ గెలిచాడు. టైటిల్ పోరు వరకైతే చప్పనే, ఒప్పుకుంటాను. 2021లో ఆఖరి రేసుకు ముందు హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరికీ సరిగ్గా 369.5 పాయింట్లు! ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

కానీ మొదటి స్థానం ఒక్కటే చూడకండి. మన ఎడ్ల బండలాగుడులో ఏ జత గెలుస్తుందో ముందే తెలిసిపోయినా, రెండో బహుమతి కోసం గొంతు పోయేలా అరుస్తాం కదా. 2023లో జట్ల పాయింట్ల పట్టికలో రెండో స్థానం అబుదాబిలో జరిగిన ఆఖరి రేసు దాకా తేలలేదు. చివరికి మెర్సిడెస్‌కు 409, ఫెరారీకి 406.