లేబర్ పార్టీ అంత భారీగా గెలిచింది కదా, మరి బ్రిటన్ ఓటర్లకు రాజకీయాలంటే విరక్తి అని ఎందుకంటారు?

ప్రశ్న అడిగినవారు 2024 ఎన్నికల గురించి అడిగారు: 400 పైన సీట్లు ఇచ్చిన జనం విసిగిపోయారంటే నమ్మడమెలా, అక్కడున్నవాళ్ళు చెప్పండి అని. నేను ఇంగ్లండ్‌లో స్విండన్ అనే ఊళ్ళో ఉంటాను. నా కళ్ళముందు జరిగింది చెబుతాను.

ముందు లెక్క చూడండి. 650 సీట్లలో లేబర్‌కు 411 వచ్చాయి. పడిన ఓట్లలో మాత్రం వాళ్ళ వాటా 34 శాతం లోపే. అసలు ఓటేయడానికి వచ్చిందే నమోదైన ఓటర్లలో 60 శాతం లోపు. 2001 తర్వాత ఇంత తక్కువ పోలింగ్ ఎప్పుడూ లేదు. రెండూ కలిపి చూస్తే, ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఐదుగురిలో ఒక్కరు వేసిన ఓటుతో ఆ భారీ మెజారిటీ వచ్చింది. అవతల, అప్పటిదాకా అధికారంలో ఉన్న కన్జర్వేటివ్‌ల ఓట్లలో పెద్ద ముక్కను వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ పట్టుకుపోయింది. ఆ పార్టీకి 14 శాతం ఓట్లు పడితే దక్కింది 5 సీట్లు. 12 శాతం తెచ్చుకున్న లిబరల్ డెమోక్రాట్లకు 72. నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే వాళ్ళదే సీటు, మన దగ్గరలాగే. కాబట్టి సీట్లు చూసి ప్రేమ అనుకోకండి.

మా ఊరికి రెండు సీట్లు. 1997 నుంచి ఇక్కడ ఏ పార్టీ గెలిస్తే లండన్‌లో దానిదే ప్రభుత్వం. అందుకే ఎన్నికలొస్తే టీవీవాళ్ళు మైకులు పట్టుకుని ఇక్కడ వాలిపోతారు. వాళ్ళు ఎవరిని ఆపి అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: అందరూ ఒక తాను ముక్కలే.

మా పక్కింటి పెద్దాయన హోండా ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. 2021లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, దాదాపు 3,500 ఉద్యోగాలు పోయాయి. ఆయన 2016లో బ్రెగ్జిట్‌కు, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడానికి వేశారు, 2019లో బోరిస్ జాన్సన్‌ను చూసి కన్జర్వేటివ్‌లకు వేశారు. 2024 మే 22న అప్పటి కన్జర్వేటివ్ ప్రధాని రిషి సునాక్ వానలో తడుస్తూ జులై 4న ఎన్నికలని ప్రకటించాక, మా వీధి తలుపుల సందుల్లోంచి కరపత్రాలు పడటం మొదలైంది. పెద్దాయన వాటిని వంగి తీసి, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా నేరుగా రీసైక్లింగ్ డబ్బాలో వేసేవారు.

మన వైపు ఎన్నికలు చూసినవాళ్ళకు ఇక్కడి ప్రచారం చప్పగా ఉంటుంది. మైకు బండి లేదు, జెండాల ర్యాలీ లేదు, బిర్యానీ పొట్లం లేదు, ఓటుకు నోటు అసలే లేదు. కార్యకర్తలు ఇద్దరు ముగ్గురు కాగితాల అట్ట పట్టుకుని నడుచుకుంటూ వస్తారు, బెల్ కొట్టి మీ ఓటు మాకేనా అని అడుగుతారు, పేరు పక్కన టిక్ పెట్టుకుంటారు. ఒక సాయంత్రం కాలేజీ కుర్రాడిలా ఉన్న లేబర్ కార్యకర్త పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆయన వేరే మాటేమీ ఎత్తలేదు. "నాకు పన్ను నొప్పి, ఎన్‌హెచ్‌ఎస్‌లో డెంటిస్ట్ ఎక్కడ దొరుకుతాడు?" అని అడిగారు. ఎన్‌హెచ్‌ఎస్ అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ. మా మేనిఫెస్టోలో 7 లక్షల అత్యవసర డెంటల్ అపాయింట్‌మెంట్లు ఉన్నాయండి అన్నాడు పాపం ఆ అబ్బాయి. "అయితే అందులో ఒకటి నా పేరు మీద రాసిపెట్టు, వచ్చే మంగళవారానికి" అని తలుపేశారు.

నవ్వుకున్నాం కానీ అది జోకు కాదు. ఆ ఫిబ్రవరిలోనే బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్‌లో ఒక డెంటల్ క్లినిక్ కొత్త పేషెంట్లను తీసుకుంటుందని తెలిసి వందల మంది క్యూ కట్టారు, పోలీసులు రావాల్సి వచ్చింది. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అన్న మన సామెత ఇక్కడివాళ్ళకు అక్షరాలా సరిపోతుంది.

కుంభకోణాలు లేవని కాదు. లాక్‌డౌన్‌లో జనం సొంతవాళ్ళ అంత్యక్రియలకు కూడా అందరూ వెళ్ళలేని రోజుల్లో ప్రధాని నివాసంలో విందు పార్టీలు జరిగాయి. జాన్సన్‌కూ సునాక్‌కూ పోలీసులు జరిమానా వేశారు. తర్వాత లిజ్ ట్రస్ 49 రోజులు ప్రధానిగా ఉన్నారు. ఆమె మినీ బడ్జెట్‌తో మార్కెట్లు బెదిరిపోయి వడ్డీలు ఇంకా ఎగిరాయి. నా ఇంటి లోను ఫిక్స్‌డ్ వడ్డీ గడువు 2023లో అయిపోయింది. 2 శాతం లోపున్న వడ్డీ 5 దాటింది. నెలనెలా ఆ కంతు కట్టేటప్పుడు నాకు పార్టీ గుర్తులేవీ గుర్తుకు రావు, టెన్షన్ తప్ప.

ఎన్నికల ప్రచారం నడుస్తుండగానే ఇంకా రెండు జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలోని నార్మండీ దండయాత్ర 80 ఏళ్ళ స్మారక కార్యక్రమం నుంచి సునాక్ మధ్యలోనే వచ్చేశారు, తర్వాత క్షమాపణ చెప్పారు. మా ఆఫీసులో కన్జర్వేటివ్‌లకు వేస్తానని బాహాటంగా చెప్పేవాడు ఒక్కడే ఉండేవాడు. ఆ వారం నుంచి వాడూ నోరెత్తలేదు. ఆ తర్వాత పందేల వ్యవహారం. సునాక్‌కు పార్లమెంటు సహాయకుడిగా ఉన్న క్రెయిగ్ విలియమ్స్, ప్రకటనకు మూడు రోజుల ముందు, జులైలో ఎన్నికలొస్తాయని 100 పౌండ్లు పందెం కాశారు. డబ్బు చిన్నదే. కానీ "కనీసం పెద్ద మొత్తానికైనా కక్కుర్తి పడలేదు" అని జనం ఎక్కువ చిరాకుపడ్డారు.

అయినా నాకు అర్థమైనంతలో అసలు విరక్తి అవినీతి మీద కాదు, చేతకానితనం మీద. సునాక్ 2023 జనవరిలో ఐదు హామీలిచ్చారు, అందులో ఆసుపత్రి వెయిటింగ్ లిస్టు తగ్గించడం ఒకటి. అప్పటికి అది 72 లక్షలు. ఎన్నికల నాటికి 75 లక్షలు దాటింది. రోడ్డు మీద గుంత, ఉదయం ఎనిమిదింటికి డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ లైనులో వేచి ఉండటం, రద్దయిన బస్సు: మనుషులు నాతో మాట్లాడింది వీటి గురించే. 2024 జూన్‌లో వచ్చిన బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వేలో, ఏ పార్టీ ప్రభుత్వమైనా తన పార్టీ కంటే దేశాన్ని ముందు పెడుతుందని దాదాపు ఎప్పుడూ నమ్మమని 45 శాతం మంది చెప్పారు. ఆ సర్వే మొదలయ్యాక అంత అపనమ్మకం కనబడలేదట. చిత్రమేమిటంటే, సొంత ఎంపీ మీద ఇంత కోపం ఉండదు. మా ఇంట్లో ఒక దరఖాస్తు ఎక్కడో ఇరుక్కుపోతే మా ఎంపీ ఆఫీసుకు ఈమెయిల్ చేశాను. వాళ్ళు ఉత్తరం రాశారు, పని కదిలింది. అలాంటి మేలు పొందినవాళ్ళు కూడా "మా ఎంపీ పర్లేదు, రాజకీయ నాయకులే వేస్ట్" అంటారు.

మన తెలుగువాళ్ళ సంగతి వేరే. భారత పౌరులకు కూడా, కామన్వెల్త్ దేశం కాబట్టి, చెల్లుబాటయ్యే వీసాతో ఇక్కడ నివసిస్తూ నమోదు చేసుకుంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. ఇది చాలామంది మనవాళ్ళకు తెలియదు. గుర్తింపుగా ఇండియన్ పాస్‌పోర్ట్ చూపిస్తే సరిపోతుంది. ఉదయ్ నాగరాజు నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ తరఫున, చంద్ర కన్నెగంటి స్టోక్ ఆన్ ట్రెంట్ సెంట్రల్‌లో కన్జర్వేటివ్ తరఫున నిలబడ్డారు. ఇద్దరూ ఓడిపోయారు. వాట్సాప్ గ్రూపుల్లో ఆ హడావుడి బాగానే ఉండేది. కానీ ఉద్యోగ వీసాకు కనీస జీతం 2024 ఏప్రిల్‌లో 38,700 పౌండ్లకు పెరిగింది, వీసాతో పాటు వైద్యసేవ కోసం కట్టే హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు అయింది, వలసలు తగ్గిస్తామని రెండు పెద్ద పార్టీలూ అన్నాయి. ఇంక ఎవరికి వేస్తే ఏంటని మనవాళ్ళూ అనేశారు.

అదే ఏడాది మే 13న ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం పోలింగ్ జరిగింది. మనవాళ్ళు నాయకుల్ని తక్కువేం తిట్టరు. తిట్టి, బస్సెక్కి, ఊరెళ్ళి ఓటేసి వస్తారు. ఓటుతో పెన్షనో, రోడ్డో, పొలం కాగితమో మారుతుందన్న లెక్క ఉంటుంది. ఇక్కడ ఆ లెక్కే పోయింది.

పోలింగ్ రోజు మా పెద్దాయన వెళ్ళలేదు. మా రెండు సీట్లూ లేబర్‌కు వెళ్ళాయి. ఆ నెలాఖరుకే కొత్త ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్, వృద్ధుల చలికాలపు ఇంధన సాయాన్ని బీదవారికి మాత్రమే పరిమితం చేస్తున్నామన్నారు. మేనిఫెస్టోలో ఆ మాటే లేదు. ఆయనకొచ్చే 200 పౌండ్లు ఆగిపోయాయి. ఓటేయనందుకు బాధగా లేదా అని కంచె దగ్గర అడిగాను. "వేసుంటే ఇంకా బాధపడేవాణ్ణి" అన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయమున్న పెన్షనర్లకు మళ్ళీ ఇస్తామంది. ఆ వార్త చెబితే పెద్దాయన, డబ్బు బ్యాంకులో పడ్డాక చెప్పమన్నారు.