కొలిమి వదలనంటున్న కొడుకు: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లా. నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. చిన్నప్పుడు మా నాన్న కొలిమిలో తిత్తి ఊదుతూ చదువుకున్నవాణ్ణి. ఇంటర్ ఎం.పి.సి. పూర్తిచేసిన మా అబ్బాయి రెండు నెలలుగా మా అన్నయ్య కొలిమి దగ్గరే కూర్చుని కత్తికి పిడి చేస్తున్నాడు, ఆ పనే నేర్చుకుంటానంటున్నాడు. కృత్రిమ మేధ కోర్సులో యాజమాన్య కోటా సీటు మాట్లాడి ఉంచాను. మేము కష్టపడి వదిలించుకున్న పనిలోకి వాడు మళ్లీ వెళ్తున్నాడు. నలుగురికీ ఏం చెప్పుకోవాలి? రెండు దారులనూ పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టారూ, ఇంజినీరింగా, ఇష్టమైన పనా అన్న ప్రశ్న ఏటా ఈ రోజుల్లో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. మీ ఉత్తరంలో మాత్రం అసలు బాధ ‘వదిలించుకున్న’ అన్న మాటలో ఉంది. తిత్తి దగ్గర నుంచి బడిలో కుర్చీ దాకా వచ్చిన మనిషికి, కొడుకు చేతులకు మళ్లీ మసి అంటడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ బాధను నేను తక్కువ చేసి మాట్లాడను. అయితే మీరు కొలిమిని వదిలింది పేదరికం వల్ల, అబ్బాయి దాని దగ్గరికి వెళ్లింది ఇష్టం వల్ల. ఈ రెండూ ఒకటి కావు.

మీరు పంపిన ఫొటోను, దానితో పాటు అబ్బాయి రాసిన కాగితాన్ని శ్రద్ధగా చూశాను. తుమ్మ చేవతో పిడి, దాని పైన చెయ్యి జారకుండా ఇత్తడి అడ్డు. అలుగు తోకను, అంటే కత్తి రేకులో పిడిలోకి దిగే కొసను, ఎర్రగా కాల్చి, కర్రకు తొలిచిన రంధ్రంలోకి కొద్దికొద్దిగా దించుతూ, కర్ర తనంతట తానే కాలి ఆ తోక ఆకారానికి చోటిచ్చేలా చేశానని రాశాడు. అడ్డుకూ అలుగుకూ మధ్య వెంట్రుక దూరేంత సందు కూడా కనిపించలేదు. ఆకురాయితో రెండు తోపులు తోసి, తొడిగి చూసి, తీసి, మళ్లీ తోస్తే తప్ప అలా కుదరదు. మొదటి రెండు పిడులు చీలిపోయాయనీ, కర్ర పచ్చిగా ఉండటమే కారణమనీ తానే తెలుసుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో వెతికి పట్టుకునే ఈ ఓపిక కోచింగులో నేర్పితే వచ్చేది కాదు. ఇన్నేళ్లుగా బడిలో పిల్లలకు పాఠం చెబుతున్న మీకు ఇది కనిపించకపోవడం నాకు కష్టంగా తోచింది.

ఇక మీరు మాట్లాడి ఉంచిన సీటు సంగతి. కృత్రిమ మేధ మంచి శాస్త్రమే, గణితం మీద ప్రేమ ఉన్న పిల్లలు అందులో చక్కగా రాణిస్తారు. నా అనుమానమంతా ఆ పేరుతో అమ్ముడవుతున్న సీట్ల మీద. చాలా కళాశాలల్లో శాఖ పేరు మారింది గాని బోధించేవారు మారలేదు. మొదటి ఏడాది నేర్పిన పనిముట్లు చివరి ఏడాదికి పాతబడుతున్నాయి. కంపెనీలు చూసేది సర్టిఫికెట్ మీది శాఖ పేరును కాదు, ఎదురుగా పెట్టిన సమస్యను పిల్లవాడు విడదీయగలడా లేదా అన్నదాన్ని. నిరుడు ఒక తల్లిదండ్రులు నాలుగో ఏడాది చదువుతున్న కొడుకును నా దగ్గరికి తీసుకువచ్చారు. 11 సబ్జెక్టులు మిగిలిపోయాయి, పొలం తాకట్టులో ఉంది, ఆ అబ్బాయి గంటసేపు తల ఎత్తలేదు. అతడికి ఆ కోర్సు ఇష్టమా అని చేరేటప్పుడు ఎవరూ అడగలేదు. మీరూ ఇంతవరకు అడగలేదని మీ ఉత్తరమే చెబుతోంది. నలుగురికి ఏం చెప్పాలన్నది రాశారు గాని, వాడు ఏమన్నాడన్నది ఒక్క వాక్యంలో ముగించారు. ఇది సరైన పద్ధతి కాదు.

ఒక్క కత్తి పిడుల మీదే బతుకు సాగుతుందా అంటే, సాగడం కష్టమనే చెబుతాను. పైగా ఇంటి పనికీ పొలం పనికీ కాక ఆయుధాలుగా చేసే కత్తులు ఆయుధాల చట్టం-1959 పరిధిలోకి వస్తాయి కనుక అమ్మకం ఆలోచన రాకముందే పోలీసు అధికారుల దగ్గర నిబంధనలు తెలుసుకోవాలి. అయితే ఆ నేర్పు ఆ ఒక్క వస్తువుతో ఆగిపోదు. ఉదయపూర్‌లో కోఫ్తగారీ పనివారు ఇనుప పిడి మీద సన్నని ఉలితో దగ్గరదగ్గరగా గీతలు గీసి, బంగారు తీగను కొట్టి పట్టించి, కాచి, రాతితో మెరుగు పెడతారు. ఆ పనికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రల్లో, కాచిన ఉక్కు కోసం ఒకప్పుడు పారశీక వర్తకులే వచ్చేవారు. మీరు సిగ్గుపడుతున్న పని చరిత్ర అది.

అబ్బాయికి దారులు ఉన్నాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో పదో తరగతి అర్హతతో టూల్, డై, మౌల్డ్ తయారీలో 4 ఏళ్ల డిప్లొమా ఉంది. వయోపరిమితి ముందే చూసుకోండి. లోహం లోపలి సంగతి తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటే వరంగల్ ఎన్.ఐ.టి.లోనూ హైదరాబాద్ జె.ఎన్.టి.యు.లోనూ మెటలర్జీ శాఖలున్నాయి. రూపకల్పన వైపు మొగ్గితే జాతీయ డిజైన్ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది. చేతివృత్తులవారికి కేంద్రం సాయం చేసే పి.ఎం. విశ్వకర్మ పథకం గురించి ఎవరైనా చెబితే ఒక సంగతి గమనించండి: ప్రభుత్వోద్యోగి కుటుంబసభ్యులకు అది వర్తించదు. మీ అన్నగారు మాత్రం అడగవచ్చు, ఆ జాబితాలోని 18 వృత్తుల్లో కమ్మరం ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు.

సీటుకు డబ్బు కట్టడం ఒక్క నెల ఆపండి. ఈలోగా అబ్బాయిని సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల విభాగానికి మీరే తీసుకువెళ్లండి. తర్వాత తాను చేసిన పిడిని ముందు నుంచి, పక్క నుంచి, నిలువుగా కోస్తే లోపల కనిపించే తీరులో, కొలతలతో సహా మూడు కాగితాల మీద గీయమనండి. గీయడంలో లీనమైతే బాలానగరో డిజైనో ఆలోచిద్దాం. గీత పక్కన పెట్టి, ఉక్కు ఎందుకు విరిగింది, ఎందుకు వంగింది అని అడుగుతూ ఉంటే మెటలర్జీ గురించి మాట్లాడుకుందాం. ఆ కాగితాలు తీసుకుని మీరిద్దరూ కలిసి రండి, వీలైతే మీ అన్నగారిని కూడా తీసుకురండి.