సీజన్ టికెట్ కొన్న మేనల్లుడికి

సాయినగర్, అనంతపురం

చిన్నోడా,

మొన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి గంటసేపు నీ మీద చెప్పుకొచ్చాడు. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాకముందే అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు డల్లాస్ మావెరిక్స్ సీజన్ టికెట్‌లో వాటా కొన్నావంట. "వాడికి ఈ పిచ్చి ఎక్కించింది నువ్వే అక్కా" అన్నాడు. అబద్ధమేమీ కాదు కాబట్టి నోరు మూసుకుని విన్నాను. డల్లాస్ పక్కనే ఇర్వింగ్‌లో మీ వదిన దగ్గర పదమూడు సీజన్లు గడిపి 2023 ఎండాకాలంలో ఊరికి తిరిగొచ్చినదాన్ని. నాకు తెలిసింది నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? మా వీధిలో మావెరిక్స్ పెద్ద ఆటగాడు డర్క్ నొవిట్స్కీ అంటే "ఎవరమ్మా, కొత్త కలెక్టరా?" అంటారు.

ముందు లెక్క తేల్చుకో. సీజన్‌కు 82 మ్యాచ్‌లు, అందులో సగం, అంటే 41, సొంత అరీనాలో. అక్టోబర్ చివర్లో మొదలై ఏప్రిల్ మధ్య దాకా నడుస్తాయి. అన్నీ చూస్తానని మొండికేస్తే ఉద్యోగమన్నా పోతుంది, వచ్చే సంబంధమన్నా పోతుంది. మేము నాలుగు కుటుంబాలం కలిసి తీసుకునేవాళ్ళం. నేను వెళ్ళిన ఏడే పంపకాల దగ్గర మాటామాటా వచ్చింది. లాస్ ఏంజిలిస్ జట్టు లేకర్స్ వచ్చే మ్యాచ్ అందరికీ కావాలి, మంగళవారం ఎవరికీ వద్దు. అప్పుడు నేను చీటీలు వేయించాను. మొదటి చీటీ వచ్చినవాళ్ళు ఒక మ్యాచ్ ఎంచుకోవాలి, తర్వాత రెండోవాళ్ళు, మూడోవాళ్ళు, నాలుగోవాళ్ళు. నాలుగోవాళ్ళే వెంటనే ఇంకోటి ఎంచుకుంటారు, అక్కడినుంచి మళ్ళీ వెనక్కి మూడు, రెండు, ఒకటి. ధర్మవరం మగ్గం మీద నాడె తిరిగినట్టు అటూ ఇటూ తిరుగుతుంది వరస. ఆఖర్న ఉన్నానని ఎవరూ ఏడవరు. తలా పది వచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటీ లెక్క కట్టినందుకు కూలి కింద నేను తీసుకున్నాను. నువ్వూ ఇదే పద్ధతి పెట్టు, కూలితో సహా.

ఎంచుకునే ముందు ఎదుటి జట్టు షెడ్యూలు కూడా చూడు. ముందు రోజు రాత్రి ఇంకో ఊళ్ళో ఆడి, అర్ధరాత్రి విమానం దిగి వచ్చే జట్టయితే వాళ్ళ పెద్ద ఆటగాడికి విశ్రాంతి ఇచ్చే అవకాశం ఎక్కువ. మనం వాణ్ణి చూద్దామని పోతే, వాడు కోటేసుకుని బెంచీ మీద కూర్చుని నవ్వుతూ ఉంటాడు. ఇలాంటి దెబ్బలు రెండు తిన్నాక నాకు బుద్ధొచ్చింది.

కారు లేదని దిగులు పడకు. ఇర్వింగ్ నుంచి రైలెక్కితే విక్టరీ స్టేషన్లో అరీనా పక్కనే దిగుతావు. ఆ రైలు, టీఆర్ఈ అంటారు, ఆదివారం నడవదు, ఆరోజు డార్ట్ అనే సిటీ రైలు ఆరెంజ్ లైను పట్టుకో. టికెట్ ఫోన్లో ఉంటుంది కాబట్టి ఇంట్లోనే తెరిచి పెట్టుకో. గేటు దగ్గర వేలమంది ఒకేసారి ఫోన్లు తీస్తే నెట్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. లోపల తిండి ధర చూస్తే ఆకలి చచ్చిపోతుంది. ఇంట్లోనే ఏదో ఒకటి కడుపు నిండా తిని బయల్దేరు. నేను ఉగ్గాని చేసుకునేదాన్ని. బొరుగులు ఇండియన్ స్టోర్లో దొరుకుతాయి.

బయటి తిండి మాత్రం లోపలికి తీసుకుపోవద్దు. ఒకసారి వేరే ఊరి అరీనాకు మీ వదినతో పోయాను. చేతిసంచిలో స్టీలు డబ్బా, డబ్బాలో పులిహోర. గేటు దగ్గరి కుర్రాడు మూత తీసి, వాసన చూసి, "సారీ మేడమ్" అని చెత్తబుట్ట చూపించాడు. తప్పు వాడిది కాదు, నియమాలు చదువుకోకపోవడం నాది. పడేయడానికి చెయ్యి రాలేదు. గోడవార నిలబడి ఇద్దరం ఆ డబ్బా అంతా ఖాళీ చేశాం, మీ వదిన తిట్టుకుంటూనే పోపులోని శనగ్గింజలు ఏరుకుని తినింది. లోపలికి పోయేసరికి మొదటి క్వార్టర్ అయిపోయింది.

స్వెటర్ మరిచిపోకు. ఆ అరీనాలో హాకీ జట్టు కూడా ఆడుతుంది. సీజన్లో కింద మంచు గడ్డ అలాగే ఉంటుంది, దాని మీద పలకలు కప్పి, ఆ పైన చెక్క కోర్టు పరుస్తారు. అనంతపురం ఎండలో పెరిగిన ఒళ్ళు మనవి, రెండో క్వార్టర్‌కే ముక్కు కారుతుంది.

ఇక అసలు విషయం. నీ సీటు పైన 300 సెక్షన్లలో ఉందని మీ నాయన ఎగతాళి చేశాడు. చెయ్యనీ. నేను చూసినవన్నీ అక్కడినుంచే. కింద కూర్చుంటే ఆటగాడి చెమట కనబడుతుంది, పైన కూర్చుంటే ఆట కనబడుతుంది. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది. ఊళ్ళో కబడ్డీ చూసినప్పుడు గుర్తుందా, కూతకు పోయినవాణ్ణి అందరూ చూస్తారు, ఆట తెలిసినవాడు మాత్రం కార్నర్‌లో నిలబడ్డవాడి కాళ్ళు చూస్తాడు. ఇక్కడా అంతే. ఒక క్వార్టర్ అంటే పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ బంతిని వదిలేసి ఒక్క మనిషిని పట్టుకో. నేను 2011లో మావెరిక్స్ ఆటగాడు టైసన్ చాండ్లర్‌ని అలా చూశాను. బంతి ఆయన చేతికి పెద్దగా రానే లేదు. అయితే మనిషి ఒక్క క్షణం ఊరికే లేడు. మన జట్టులోనే ఆడే టెర్రీ వెంటపడినవాడికి అడ్డంగా గోడలా నిలబడతాడు, వాడు గుద్దుకుని ఆగేలోపు టెర్రీ షాటు వేసేసి ఉంటాడు. పేపర్లో మరుసటి రోజు టెర్రీ పాయింట్లుంటాయి, ఆ గోడకు లెక్క ఉండదు. అందుకే నేను నోటుబుక్కు పెట్టుకున్నాను. తేదీ, ఎదుటి జట్టు, స్కోరు, దాని కింద "ఈరోజు గోడ ఎవరు?" అని ఒక వరస. పదమూడేళ్ళకు నాలుగు లాంగ్ నోటుబుక్కులు నిండాయి. బీరువాలో ఉన్నాయి, వచ్చినప్పుడు తీసుకుపో.

తలుపులు తెరవగానే లోపలికి పో. వార్మప్ చూడాలి. డర్క్ ఏడడుగుల మనిషి, ఒంటికాలి మీద వెనక్కి వాలుతూ వేసే ఆ షాటు మ్యాచ్‌లో నాలుగుసార్లు చూస్తే వార్మప్‌లో నలభైసార్లు చూసేదాన్ని. ఎప్పుడూ అదే మోకాలు, అదే వాలు. ఎక్కం వల్లె వేసినట్టు ఉండేది నాకు.

అరవడం దగ్గర మొహమాటం వద్దు. అయితే ఎప్పుడు అరవాలో తెలియాలి. ఎదుటివాళ్ళ చేతిలో బంతి ఉన్నప్పుడు, ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డం లేకుండా వాళ్ళు ఫ్రీ త్రో వేసేటప్పుడు సీమ గొంతంతా బయటికి తియ్యి. మనవాడు ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడితే గుటక కూడా మింగొద్దు. బంతి ఆడుతుండగా లేచి మనుషుల మోకాళ్ళ మీదుగా నడవొద్దు, టైమవుట్ దాకా ఆగు. బూతులు వద్దు. పందేలు అసలే వద్దు. డబ్బు పెట్టినవాడు ఆట చూడడు, డబ్బును చూస్తాడు.

నాలుగో క్వార్టర్లో ట్రాఫిక్ అని లేచిపోయేవాళ్ళను చూస్తావు. వాళ్ళతో లేవకు. 2011 ఫైనల్స్‌లో మా కుటుంబానికి చీటీలో వచ్చింది మూడో మ్యాచ్, జూన్ 5, ఆదివారం, మయామీ మీద. డర్క్ ఆఖరి క్షణంలో వేసిన షాటు పడలేదు. 88-86తో ఓడాం. అంతసేపు మన మాట మనకే వినబడని అరీనాలో కుర్చీలు మడుచుకునే చప్పుడు వినబడింది. నేను అలాగే కూర్చుండిపోయాను. పక్క సీట్లో ఒక ముసలాయన, ప్రతి మ్యాచ్‌కూ కనబడేవాడు, ఒళ్ళోని నీలం తువ్వాలు నిదానంగా నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని "మంగళవారం ఉంది కదా" అని లేచాడు. అంతే మాట. ఆ మంగళవారం డర్క్ నూటొక్క డిగ్రీల జ్వరంతో ఆడాడు, 86-83తో గెలిచాం. కప్పు ఖాయమైంది ఆరో మ్యాచ్‌లో, అదీ మయామీలో. ఏడంతా సీట్లో కూర్చున్న మేము కప్పు చూసింది టీవీలోనే. ఎవరికీ వద్దన్న మంగళవారం మ్యాచ్‌లు ఆ తర్వాత నేనే ముందు అడిగి తీసుకునేదాన్ని.

నీ మనసులో ఉన్న ముల్లు సంగతీ చెప్తాను. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం, పొద్దున పదిన్నర దాటింది. వంకాయలు తరుగుతున్నాను. మన జట్టు పెద్ద ఆటగాడు లూకా డాంచిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చేశారని మీ అన్న మెసేజ్ పెట్టాడు. ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. నిజమని తేలాక వంకాయలు నల్లబడిపోయేదాకా అలాగే ఉన్నాను. నువ్వు ఆ వారమంతా ఇకమీద మావెరిక్స్ ముఖం చూడనన్నావు. నేనేమీ అనలేదు, ఎందుకంటే నాకూ అలాగే ఉంది.

ఏప్రిల్ 9న లూకా లేకర్స్ చొక్కాలో డల్లాస్‌కు వచ్చి, అరీనాలో వేసిన తన పాత ఆట వీడియో చూసి కన్నీళ్ళు పెట్టుకుని, మన మీదే 45 పాయింట్లు కొట్టాడు. ఇక్కడ తెల్లవారుజామున చూశాను. సరిగ్గా ఆరేళ్ళ ముందు అదే ఏప్రిల్ 9న డర్క్ సొంత అరీనాలో ఆఖరి మ్యాచ్ ఆడాడు, 30 పాయింట్లు చేశాడు. ఆ రాత్రి నేను అక్కడే ఉన్నాను, పక్కన ఆడిన కొత్త కుర్రాడు లూకా. ఇరవై ఒక్క సీజన్లు ఒకే జట్టుకు ఆడే డర్క్ లాంటివాడు మళ్ళీ దొరకడు. ఆ కొలతతో మిగతావాళ్ళను కొలిస్తే నీకు బాధే మిగులుతుంది. లూకా 77 నంబరు చొక్కా మడిచి దాచుకో, కాల్చకు. కొత్తది కొనేటప్పుడు వెనక పేరు లేనిది కొనుక్కో. ఇంకోమాట, ఆ తర్వాత మే నెలలో, కొత్త ఆటగాళ్ళను ఏ జట్టు ముందు ఎంచుకోవాలో తేల్చే డ్రాఫ్ట్ లాటరీలో మనకు మొదటి స్థానం రావడానికి ఉన్న అవకాశం 1.8 శాతం. యాభై అయిదు చీటీల్లో ఒక్క చీటీ. అదే వచ్చింది, దాంతో కూపర్ ఫ్లాగ్ అనే కొత్త కుర్రాడు వచ్చాడు. నా జన్మలో పిల్లలకు ఇంతకంటే మంచి సంభావ్యత లెక్క చెప్పలేదు.

నీ మొదటి మ్యాచ్ అక్కడ రాత్రి ఏడున్నరకు అయితే ఇక్కడ పొద్దున ఆరు. పాల ప్యాకెట్ వచ్చే వేళ. నేను లేచే ఉంటాను. ఆట మధ్యలో మాత్రం ఫోన్ చెయ్యకు, హాఫ్ టైమ్ పదిహేను నిమిషాలుంటుంది, అప్పుడు చెయ్యి. మీ నాయన కూడా ఆరోజు పొద్దున్నే ఇక్కడికొస్తానన్నాడు. ఉగ్గాని తినడానికంట.

మీ అత్త